మడ్డి

తెలావీలో నవంబరు. సహకార సంఘం గదిలో
హీటరు ఒక పక్కే వేడెక్కుతుంది.
గ్దాన్‌స్క్ నుంచి వైను కొనేవాళ్లు అడిగింది చిన్న మాటే:
ఇరవై ఏళ్ల దిగుబడి లెక్కలు, ఒక్క ఫైలులో,
మా దగ్గర తెరుచుకునేలా పంపండి.

తెరుచుకునేలా.
ఆ ఒక్క మాటకి నాకు మూడు రోజులు పట్టింది.

జుంబెర్ లెక్కలన్నీ పాత కంప్యూటర్లో ఉన్నాయి,
పిండిమరలా అరుస్తుంది దాని ఫ్యాను.
పాత ఫాంటు. అందులో మా అక్షరం అక్షరం కాదు,
ఇంగ్లిషు అక్షరానికి తొడిగిన ముసుగు.
ఆ ఫాంటు లేనిచోట ముసుగు జారిపోతుంది.
నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఊరికే దొరికే ఆఫీసు.
అందులో తెరిచానో లేదో
తీగల్లా మెలికలు తిరగాల్సిన మా లిపి
పరాయి సిపాయిల్లా నిటారుగా నిలబడింది.
ష్విలి అని ముగిసే ప్రతి ఇంటిపేరులోనూ
పెద్ద ఎస్ ఒకటి, గొంతులో ముల్లులా.

ఇక పట్టికలంటారా, కుక్కలు చింపిన విస్తరి.
బరువుల గడి తేదీల గడిలోకి దూరింది.
నాలుగు వందల పదో సంవత్సరంలో
మకవాల రెండువేల పదకొండు కిలోలు పండించింది.
నవ్వాను. నవ్వి, ఒక్కో గడినీ
చెయ్యి పట్టుకుని దాని ఇంటికి దిగబెట్టాను.

ఫోను చేస్తే జుంబెర్ అన్నాడు:
"కాగు మారిస్తే మడ్డి లేస్తుంది, ఎలిసో.
కదపకుండా వంచు."
ఆయనకి డెబ్బై ఆరు. ఫైలన్నా కాగన్నా ఆయనకి ఒకటే,
మూత సరిగా పడిందా లేదా, అంతే.

మూడో రోజు, ముప్పై ఒకటో పేజీ.
కొట్టేసిన మాటలు ఎర్రగా పైకొచ్చాయి.
దాచమంటే ఆయన కంప్యూటరు దాచింది,
నా దానికి ఆ మర్యాద తెలియదు.

వడగళ్లు పడ్డ ఏడాది.
మకవాల వరుసలో సున్నా. సున్నా మీద ఎర్ర గీత.
పక్కన: ఆరు వందల నలభై.
నాలుగు వరుసల కింద జుంబెర్ పేరు.
పదకొండు వందలు. దాని మీదా ఎర్ర గీత.
పక్కన: నాలుగు వందల అరవై.
మార్చిన వేళ, రాత్రి రెండూ పదిహేడు.

తీసివేత చేసి చూశాను.
కాగితం మీద మళ్లీ చేశాను.

ఆ వసంతంలోనే ఉషాంగి పోయాడు, ట్రాక్టరు కింద.
దిగుబడి సున్నా అయితే సభ్యత్వం రద్దు,
ఆ నిబంధన రాసిందీ జుంబెరే.

పక్క గదిలో మకవాల సీసాలకి లేబుళ్లు అంటిస్తోంది.
ఇప్పుడు కూడా ఎవరితోనో అంటోంది,
జుంబెర్ తూకంలో ఎప్పుడూ మోసమేనని,
ముసలాడి వేలు త్రాసు మీదే ఉంటుందని.
లేచి తలుపు దాకా వెళ్లాను.
జిగురు కావాలా అని అడిగి వచ్చాను.

తెర మీద రెండు బొత్తాలు:
మార్పులన్నీ ఒప్పుకో. మార్పులన్నీ వద్దను.
హీటరు లేని వైపు చెయ్యి చల్లబడింది.
పోలండులో ఒకరు ఈ అంకెలు నమ్మి సంతకం పెడతారు,
అదీ గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెప్పను.
ఆరు వందల నలభై కిలోలు ఎక్కడా మాయం కాలేదు,
అడుగున మొత్తం మారలేదు,
మొత్తం చూసుకున్నాను, రెండుసార్లు.

ఒప్పుకున్నాను.
ఎర్రదంతా అణిగింది.
ఇక ఎవరూ కదపలేని పీడీఎఫ్ చేసి పంపేశాను.

సాయంత్రం ఆయనే ఫోను చేశాడు.
"తెరుచుకుందా వాళ్లకి?"
"తెరుచుకుంది."
కాసేపు ఆ పిండిమర చప్పుడే వినిపించింది.
"మొత్తమా?"
"వంచినంతా," అన్నాను.
దగ్గాడు. పాత కంప్యూటరు ఆపేశాడు కాబోలు,
అవతల గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.